వ్రాతప్రతి నుండి అచ్చుపుట వరకు

పరిశోధకుడు తన వ్యాసమును వ్రాసి ముగించినంతమాత్రమున అది లోకమునకు అందినట్లు కాదు. ఆ వ్రాత ఎన్నడును తన ముఖము చూడని పరుల చేతికి పోవలెను. వారు దానిని చదివి, లెక్క సరిచూచి, తప్పున్నచో ఇది తప్పు అని వ్రేలు పెట్టి చూపగలుగవలెను. అందులకై శీర్షిక ఏది, సిద్ధాంతము ఏది, పట్టిక ఏది, రచయిత సొంత మాట ఏది, ఇతరుల నుండి గ్రహించిన మాట ఏది అను వివేకము పుటమీదనే కనబడవలెను. ఈ ఏర్పాటునకే కూర్పు అని పేరు. దానిని పుటకు పెట్టిన సొమ్ముగ భావించువారు పెక్కుమంది కలరు. అది సొమ్ము కాదు. రచయిత చదువరికి ఒప్పజెప్పు లెక్క.

ఈ కూర్పు కథను చెప్పుటకు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అను మూడు ఊళ్ళు చక్కని ఆధారములు. పాత కరీంనగరు జిల్లాకు చెందిన ఈ ఊళ్ళలో మొదటి రెండును 2016 అక్టోబరు 11న ఏర్పడిన జగిత్యాల జిల్లాలోను, మూడవది అదే దినమున ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోను చేరినవి. కోరుట్ల ఒకప్పుడు నాటు కాగితమునకు పేరు పొందినది. సిరిసిల్ల నేతకు పేరు పొందినది. జగిత్యాల వరి పరిశోధనకు పేరు పొందినది. కాగితము, నేత, పరిశోధన: ఈ మూడును కలిసిననే శాస్త్రవ్యాసపు పుట యగును.

నేతకును వ్రాతకును సంబంధమేమి అని సంశయింపవచ్చును. గ్రంథము అను మాటకు కూర్చి కట్టినది అని ధాత్వర్థము. సూత్రము అనగా దారము. ఇంగ్లీషువారు మూలపాఠమునకు వాడు టెక్స్టు అను మాట నేయుట అను అర్థముగల లాటిను ధాతువు నుండి పుట్టినది. మన భాషలో అచ్చు అనగా ముద్రణము. మగ్గముమీద పడుగు పోగులను వరుస తప్పకుండ నిలుపు దువ్వెనవంటి సాధనమును గూడ నేతగాండ్రు అచ్చు అనియే అందురు. సిరిసిల్లలో మరమగ్గమును సాంచ అందురు. హిందీలో ఆ మాటకు మూస అని అర్థము. వరుస తప్పనీయని పని ఏదియైనను దానికి ఈ మాటలు చెల్లుచున్నవి.

ఇక చరిత్రకు వత్తము. కరీంనగరము నుండి జగిత్యాలకు పోవు ప్రాంతమున గంగాధర మండలములో కురిక్యాల అను ఊరున్నది. అచ్చటి బొమ్మలగుట్టమీద, వేములవాడ చాళుక్యుల కాలమున, క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు చెక్కించిన శాసనము కలదు. ఈతడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. ఆ శాసనమున సంస్కృతముతోను కన్నడముతోను పాటు మూడు తెలుగు కందపద్యములు కలవు. పద్యమును పాదములుగ విరిచి, క్రింద క్రింద పేర్చి చూపు ఆచారము పాత శాసనములలో సాధారణముగ లేదు. శిలమీద చోటు ఎంత ఉన్నదో అక్షరము అంతవరకు పోవును. అయినను చదువరి అది కందమని గుర్తింపగలడు. ఏలన, కందమున అర్ధభాగమునకు 32 మాత్రలు; చతుర్మాత్రా గణములు మొదట మూడు, పిదప అయిదు; రెండవ అక్షరమున ప్రాస. కంటికి కనబడు రూపము చెడినను లోపలి నియమము చెడలేదు. అందుచేతనే వేయి యేండ్ల పిమ్మటను పద్యము పద్యముగ మిగిలినది.

తాళపత్రముల కాలమున ఈ నియమము మరింత స్పష్టమైనది. తాటియాకు వెడల్పు కొంచెము. గంటముతో వ్రాయు వ్రాయసకానికి ఆకు పొడవునకు కొన్ని పంక్తులే లభించును. మాటకును మాటకును నడుమ ఎడము విడిచిన ఆకులు చాలవు. కావున పద్యము, గద్యము, అవతారిక అన్నియు ఒకే ధారగ సాగును. అట్టి ధారలో వ్రాయసకాడు చేసిన ఉపాయము మెచ్చదగినది. కందమునకు ముందు ‘క’ అని, ఉత్పలమాలకు ముందు ‘ఉ’ అని, సీసమునకు ‘సీ’ అని, వచనమునకు ‘వ’ అని గుర్తు పెట్టెను. ఈ గుర్తులు పద్యము ఎట్లు కనబడవలెనో చెప్పవు. అది ఏ జాతిదో చెప్పును. ఎట్లు చదువవలెనో, ఎక్కడ ఆగవలెనో ఆ జాతిని ఎరిగిన చదువరియే నిశ్చయించుకొనును. ఈ భేదమును శ్రోతలు జ్ఞాపకముంచుకొందురు గాక. మన కథకంతకును ఇదియే కీలకము.

ఆశ్వాసము ముగియగనే వచ్చు గద్యమును చూడుడు. కవి యెవడు, ఎవని పుత్రుడు, గ్రంథనామమేమి, ఇది ఎన్నవ ఆశ్వాసము అను సంగతులన్నియు అందు చెప్పబడును. ఆకులు చెదరి ఒక్క ఆశ్వాసమే దొరికినను కర్తయు గ్రంథమును తెలియవలెననుట అందలి ప్రయోజనము. నేటి శాస్త్రపత్రికలలో వ్యాసపు మొదటి పుటపై రచయిత పేరు, ఆయన పనిచేయు సంస్థ, సంపుటి, సంచిక అచ్చు వేయుట ఇందులకే గదా! శతకములలో మకుటము చేయు పనియు ఇట్టిదియే. జగిత్యాల జిల్లాలోని గోదావరీతీరమున వెలసిన ధర్మపురిలో శేషప్పకవి చెప్పిన నరసింహ శతకము తెలుగునాట ఇంటింట వినబడినది. అందలి పద్యము ఒక్కటి ఒంటరిగ ఏ ఊరిలో వినబడినను, చివరి మకుటమును బట్టి అది ఏ శతకపుదో బాలురును చెప్పగలరు. వస్తువుతోపాటు దాని గుర్తుగూడ ప్రయాణము చేసినది.

తాటియాకు పిమ్మట కాగితము వచ్చినది. 1908లో వెలువడిన ఇంపీరియల్ గెజిటీరు జగిత్యాల తాలూకాలోని కోరుట్లను గూర్చి చెప్పుచు, అచ్చట మోటుగను మన్నికగను ఉండు నాటు కాగితము తయారగుననియు, దానిని పట్వారులు తమ లెక్కల పుస్తకములకు విశేషముగ వాడుదురనియు పేర్కొన్నది. దక్కనులో నాటు కాగితము చేయు పద్ధతి శ్రమతో కూడినది. పాత గోనెలను, పీలికలను, చిత్తు కాగితమును సున్నపు నీట నానబెట్టి, దంచి, కడిగి, గుజ్జు చేయుదురు. ఆ గుజ్జును తొట్టిలో కలిపి, సన్నని పుల్లల జల్లెడతో ఎత్తి, నీరు పోయిన రేకును గోడకు అంటించి ఎండబెట్టుదురు. గంజి పూసి, నున్నని రాతితో మెరుగు పెట్టుదురు. ఇట్టి కాగితముమీద సిరా ప్రాకదు.

ఆ కాగితమును పట్వారులు కోరుటకు కారణము ధర యొక్కటియే కాదు. భూమి లెక్క అనేక సంవత్సరములు నిలువవలెను. భూమి నంబరు ఒక గడిలో, పట్టాదారు పేరు ఒక గడిలో, విస్తీర్ణము ఒక గడిలో, శిస్తు ఒక గడిలో ఉండవలెను. ఒక అంకె ప్రక్క గడిలోనికి జరిగినయెడల ఒక రైతు ఎకరములు మరియొక రైతు పేర చేరును. గడి హద్దు చేను గట్టువంటిది. పుటమీది కూర్పు మనుష్యుని బ్రదుకును ఎంతగ తాకునో తెలియగోరువారు పండితుల గ్రంథములను చూడనక్కరలేదు. పల్లెలోని పహాణీని చూచిన చాలును.

తెలుగు అచ్చునకు మొదటి అడుగులు మన దేశమున పడలేదు. మద్రాసులో మతబోధకుడుగ నుండిన బెంజమిన్ షుల్జ్ జర్మనీకి తిరిగిపోయి, హాలే పట్టణమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు పుస్తకములను ముద్రింపించెను. పిదప బంగాళములోని శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో వెలువడినది. అంతకు రెండేండ్ల ముందు, 1812 మార్చిలో, ఆ ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనది. అనేక భాషల అక్షరములు కరగిపోయినవి. అచ్చునకు సిద్ధమైన వ్రాతప్రతులు బూడిదయైనవి. సీసము మరల పోతపోయవచ్చును. మరియొక నకలు లేని వ్రాతప్రతిని పోతపోయుట ఎట్లు? మూలప్రతిని అచ్చుయంత్రముకంటె పదిలముగ కాపాడుకొనవలెనను పాఠమును ఆ అగ్ని నేర్పినది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర ఈ పాఠమును తన జీవితమున ఆచరించి చూపెను. ఆయన ఒక్కొక్క కావ్యమునకు అనేక ప్రతులను సేకరించి, పండితులను పెట్టి పోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించెను. 1829లో వేమన పద్యములను, 1852లో తన నిఘంటువును ప్రకటించెను. ప్రతికిని ప్రతికిని భేదమున్నచోట ఏది ఏ ప్రతిలోనిది అని గుర్తింపకున్న పరిష్కరణమునకు అర్థము లేదు. అడుగున సూచిక, ప్రక్కన సంఖ్య, వేరు అక్షరము: ఇవన్నియు చదువరికి సాక్ష్యమును చేతికిచ్చుటకై పుట్టినవి.

హైదరాబాదు రాజ్యమున తెలుగు విద్వత్కృషి ఆలస్యముగనే అయినను పట్టుదలతో సాగినది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసినవి. పిదప సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున గోలకొండ పత్రిక ఆరంభమైనది. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగ ఆయన 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించెను. 1935లో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించినది. వాదమునకు కేకలు కాక, వరుసగ పేర్చిన ఆధారములు సమాధానమైనవి.

అట్టి గ్రంథములను కూర్చిన కంపోజిటరు శ్రమను గూర్చి ఒక మాట చెప్పవలెను. ఇంగ్లీషునకు 26 అక్షరములు, వాని పెద్ద రూపములు, కొన్ని గుర్తులు చాలును. తెలుగునకు గుణింతములు, వత్తులు కలిసి వందలకొలది దిమ్మెలు కావలెను. కేసులోని గడులు కంటికి కాక చేతికే తెలియవలెను. అందు గణిత సమీకరణము వచ్చినచో భిన్నపు గీత, ఘాతపు అంకె, గ్రీకు అక్షరము ఒక్కొక్కటియు చేతితో నిలుపవలెను. ఒక పుటకు దినమంతయు పట్టుటయు కలదు. ఈ శ్రమను తగ్గింపుటకు యంత్రములు వచ్చినవి. ఫ్రాన్సులో జకార్డు 1804 ప్రాంతమున మగ్గమునకు రంధ్రములు పొడిచిన అట్టలను అమర్చి, ఏ పోగు లేవవలెనో ఆ రంధ్రములే చెప్పునట్లు చేసెను. పందొమ్మిదవ శతాబ్ది చివర మోనోటైపు యంత్రము అదే సూత్రమున రంధ్రముల కాగితపు చుట్టనుబట్టి అక్షరములను పోతపోసినది. మగ్గపు విద్య అచ్చుకూటమునకు వలస వచ్చినది.

సీసము పోయి ఛాయాచిత్ర పద్ధతి వచ్చినప్పుడు వేగము పెరిగినది గాని సొంపు తగ్గినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్ తన గ్రంథమాలలో రెండవ సంపుటము కొత్త కూర్పునకు వచ్చిన ప్రూఫులను 1977లో చూచి ఖిన్నుడయ్యెను. సీసపు కాలమున కనబడిన చక్కదనము అందు లేదు. గ్రంథరచనను ప్రక్కకు పెట్టి, కంప్యూటరు చేత పుటలు కూర్పించు పద్ధతిని తానే నిర్మింపబూనెను. దాని పేరు టెక్. కళ, నైపుణ్యము అను అర్థముగల గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చినది. 1978లో తొలిరూపము వెలువడినది. 1982లో దానిని మరల మొదటినుండి వ్రాసెను. ఎవరైనను వాడుకొనవచ్చునని ఉచితముగ విడిచిపెట్టెను. దోషము చూపినవారికి పారితోషికమును ఏర్పరచెను. దాని సంస్కరణ సంఖ్యలు 3.14, 3.141 అనుచు వృత్తగణితములోని ‘పై’ విలువకు చేరువగుచు పోవుచున్నవి. 2021 నాటిది 3.141592653.

టెక్ పుటను రెండు భావములతో కట్టును: పెట్టె, జిగురు. అక్షరము ఒక పెట్టె. అక్షరములు కూడిన మాట ఒక పెట్టె. పంక్తి ఒక పెట్టె. నడుమ ఎడము జిగురువలె కొంత సాగును, కొంత ముడుచుకొనును. పంక్తిని ఎక్కడ విరువవలెనో ఆ పంక్తిని మాత్రమే చూచి నిర్ణయింపదు. పేరా మొత్తమును చూచి, అన్ని పంక్తులకును మేలైన విరుపును లెక్కించును. పాత కంపోజిటరు అనుభవముతో చేసిన పనిని ఇది గణితముతో చేయును.

దీనిమీద లెస్లీ లాంపోర్టు 1980 దశకపు తొలి భాగమున లేటెక్ అను పద్ధతిని కట్టెను. దాని పుస్తకము 1986లో వెలువడినది. ఇందు రచయిత, ఈ మాట లావుగ, ఈ మాట నడుమ అని చెప్పడు. ఇది ప్రకరణ శీర్షిక, ఇది సిద్ధాంతము, ఇది అడుగు సూచిక, ఇది పట్టిక అని మాత్రము గుర్తు పెట్టును. రూపమును పత్రికవారి నియమావళి నిర్ణయించును. ఒక పత్రిక ఒంటి వరుస పుట కోరును. మరియొకటి జంట వరుసలు కోరును. మొదటి పంక్తిలోని నియమావళి పేరును మార్చిన వ్యాసమంతయు చాలవరకు కొత్త రూపమును ధరించును. సమీకరణమును నడుమ చేర్చినచో తరువాతి సంఖ్యలన్నియు తమంతట సవరించుకొనును. ప్రమాణ గ్రంథముల పట్టికను కూర్చు బిబ్‌టెక్ 1985లో వచ్చినది.

శ్రోతలు ఇప్పుడు వ్రాయసకాని ‘క’, ‘ఉ’, ‘వ’ గుర్తులను స్మరింతురు గాక. జాతిని గుర్తించుట వ్రాసినవాని ధర్మము. రూపమును ఏర్పరచుట చూపువాని ధర్మము. కంప్యూటరు పండితులు ఇరువదవ శతాబ్దిలో సిద్ధాంతముగ చెప్పిన ఈ ధర్మమును మన తాటియాకులు ఏనాడో ఆచరించినవి.

ఈ ధర్మమును విడిచినచో కలుగు నష్టమును తెలుగువారు కన్నులార చూచిరి. 1990 దశకమున డి.టి.పి. కేంద్రములు ఊరూర వెలసినవి. తెలుగు పుట చౌకగను అందముగను వచ్చినది. కాని నాటి అక్షరసమితులలో పెక్కింటికి ఎవరి సంకేతము వారిదే. ఒకచోట ‘క’గ కనబడినది మరియొక యంత్రమున ఇంగ్లీషు చిహ్నముగ కనబడెడిది. కంటికి తెలుగు, లోపల తెలుగు కాదు. ఆ అక్షరసమితి లేనిచోట సిద్ధాంతగ్రంథములు సైతము చదువరాని గీతల కుప్పగ మారినవి. రూపము నిలిచి జాతి నశించుట అనగా ఇదియే. యూనికోడ్ అను విశ్వసంకేతమున 1991లోనే తెలుగునకు స్థానము లభించినను, వాడుకలోనికి వచ్చుటకు చాల ఏండ్లు పట్టినది.

టెక్‌నకు తెలుగును నేర్పిన యత్నములు ముందే మొదలైనవి. క్నూత్ అక్షరరచనకై చేసిన మెటాఫాంటు పద్ధతిలో 1990 దశకమున విదేశములలోని తెలుగువారు మన అక్షరములను గీసి అమర్చిరి. నాడు తెలుగును రోమను లిపిలో టైపు చేసి, వేరు క్రమముచే మార్చవలసియుండెను. 2004లో జొనాథన్ క్యూ నిర్మించిన జీటెక్ యూనికోడ్ తెలుగును నేరుగ గ్రహించినది. నేడు తెలుగు వాక్యము నడుమ సమీకరణమును, దాని క్రింద సంస్కృత శ్లోకమును, అడుగున ఇంగ్లీషు ప్రమాణమును ఒకే ప్రతిలో వ్రాయుటకు యంత్రపు అడ్డంకి లేదు.

మరల జగిత్యాలకు వత్తము. పట్టణపు చెంత పొలాసలోని వ్యవసాయ పరిశోధన స్థానమున రూపొందిన జె.జి.ఎల్. 1798 అను వరి జగిత్యాల సన్నాలుగను, జె.జి.ఎల్. 384 పొలాస ప్రభగను రైతులకు పరిచితములు. ఒక వంగడము పొలమునకు చేరుటకు వెనుక ఎన్నో మళ్ళ దిగుబడులు, ఎన్నో ఋతువుల లెక్కలు, ఎన్నో పట్టికలు ఉండును. ఒక పత్రిక తిప్పి పంపిన వ్యాసమును మరియొక పత్రికకై మరల టైపు చేయునప్పుడు దశాంశ బిందువు ఒక్కటి జరిగినను పట్టిక అబద్ధమాడును. పట్వారి గడిలో అంకె జరిగినప్పటి కీడే ఇచ్చటను కలుగును. అంకెను ఒకేసారి వ్రాసి, దాని జాతిని గుర్తించి, రూపమును మాత్రము మార్చు పద్ధతి ఈ కీడును చాలవరకు తొలగించును. లేటెక్ వాడుక గణిత, భౌతిక, ఇంజనీరింగు శాఖలలో హెచ్చు. వ్యవసాయ పత్రికలలో పెక్కు సాధారణ వర్డు ప్రతులనే కోరును. పనిముట్టు ఏదియైనను సూత్రము ఒక్కటే.

నేడు జగిత్యాల చెంత నాచుపల్లిలో 2007లో స్థాపితమైన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో వ్యవసాయ కళాశాల కలవు. మూడు ఊళ్ళనుండియు పరిశోధన వ్యాసములు వ్రాయు యువకులు, యువతులు ఉన్నారు. కొండంత ధనముగల అచ్చుకూటము వారికి అక్కరలేదు. ఉచితముగ దొరకు ఈ పద్ధతితో ఏ మహానగరపు పండితునికిని తీసిపోని పుటను వారు కూర్చుకొనగలరు. దక్షిణదేశమునకు ఈ విద్య కొత్తదియు కాదు. 1998లో తిరువనంతపురము కేంద్రముగ భారత టెక్ వినియోగదారుల సంఘము ఏర్పడినది. 2002లో ప్రపంచ టెక్ సభ అచ్చటనే జరిగినది. ఐరోపాలో వెలువడు శాస్త్రపత్రికలలో పెక్కింటి పుటలు చెన్నై, పుదుచ్చేరి, తిరువనంతపురములలో కూర్చబడుచున్నవి.

చక్కని కూర్పు చెడ్డ వ్యాసమును మంచి వ్యాసముగ చేయజాలదు. అచ్చులో పోగులు ఎంత వరుసగ నిలిచినను నూలు పుచ్చిపోయినచో బట్ట నిలువదు. కాని మంచి నూలు అచ్చు లేక చిక్కుపడుటయు కద్దు. ఇంగ్లీషున వ్రాయువారికి ఈ అచ్చు ఏనాడో లభించినది. తెలుగున శాస్త్రవ్యాసము వ్రాయువారికి గూడ ఇప్పుడది లభించినది. పద్ధతి లేదను సాకు ఇక చెల్లదు, మిగిలినది వ్రాయుటయే. వ్రాయువారు తమ మూలప్రతిలో ఏది ఏ జాతిదో గుర్తు పెట్టి, విశ్వసంకేతమున వ్రాసి, ఒకటికి రెండు నకలులు భద్రపరచుకొందురు గాక. నేటి యంత్రములు రేపు మూలబడును. కాగితము మారును, తెర మారును, అక్షరపు సొంపు మారును. కురిక్యాల శిలమీది కందమువలె, లోపలి నియమము చెడని వ్రాత మాత్రము చదువరి కొరకు వేచియుండును.